గాజు ట్యూబులో ఇరవై నిమిషాలు

శెనక్కట్టె వామి (వేరుశనగ కట్టె కుప్ప) లాగుతుంటే నన్ను రక్తపింజరి కరిచింది. అనంతపురం పల్లెల్లో ఇదేమీ వింత కాదు. చీలమండ పైన రెండు గాట్లు పడినాయి, చూస్తుండగానే కాలు వాచింది. మా మామ తువ్వాలు బిగించి కట్టినాడు. ప్రేమతోనే, కానీ తప్పు. పింజరి కాటుకు బిగించి కడితే ఆ చోట కండ ఇంకా చెడుతుంది. అప్పటికే కట్టి ఉంటే దారిలో విప్పొద్దు, ఆసుపత్రిలోనే విప్పించాల. కాలు కదలకుండా చెక్క ఆనించి, ఉంగరాలూ మెట్టెలూ తీసేసి, కరిచిన టైము గుర్తుపెట్టుకోండి. పామును చంపి తేనక్కర్లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ విరుగుడు ఒకటే. మంత్రగాడి దగ్గర పోయిన గంట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

విషం ఎక్కి నెత్తురు గడ్డకట్టే గుణం పోయిందేమో చూసేందుకు, ఆసుపత్రిలో 2 మిల్లీలీటర్ల నెత్తురు గాజు ట్యూబులో పోసి, కదపకుండా నిలబెట్టినారు. 20 నిమిషాలకు సిస్టర్ వంచింది. గడ్డకట్టలేదు, నీళ్ల మాదిరి జారింది. (ట్యూబు కొత్తదీ పొడిదీ కావాల. సబ్బుతో కడిగిందైతే మంచి నెత్తురు కూడా గడ్డకట్టకపోవచ్చు.) డ్యూటీ డాక్టరు ఫోను చూసుకుంటూనే, "పింజరి కదా, కిడ్నీలు నిలుస్తాయో లేదో చూద్దాం" అన్నాడు. నా భార్య అక్కడే నిలబడి ఉంది.

విరుగుడు మందు 10 వయల్స్ (చిన్న సీసాలు) సెలైన్‌లో కలిపి గంటలో ఎక్కించినారు. మధ్యలో ఆ మందు పడక వణుకు, దద్దుర్లు. డ్రిప్పు ఆపి, తొడకు అడ్రినలిన్ వేసి, మళ్లీ మొదలుపెట్టింది ఆ సిస్టరే. ఆమె చేతికి దండం. 6 గంటల తర్వాత ట్యూబులో నెత్తురు మళ్లీ జారింది, ఇంకో 10 వయల్స్. తెల్లారినాక వంచితే నెత్తురు కదల్లేదు. ఆ ముద్దను చూసి ఏడ్చినా. మూత్రం తగ్గకుండా, ఎర్రబడకుండా ఉందా అని మూడు రోజులు కొలిచినారు, అంతే.

2000 నుంచి 2019 దాకా దేశంలో పాముకాటుతో ఏటా సగటున 58 వేల మంది పోయినారని అంచనా. రోడ్ల మీద ఒక్క 2022లోనే 1,68,491 మంది. నేను చేనికి పోయేది 44వ నంబరు హైవే మీదే, హెల్మెట్ ట్యాంకు మీద పెట్టుకొని. భయం మాత్రం వామి దగ్గరే. బండి హ్యాండిలు నా చేతిలో ఉందని ధీమా. పాము ఏ కట్టె కింద ఉంటుందో నా చేతిలో లేదు. ఆ రాత్రి నూటికి ఎంతమంది బతుకుతారో ఎవరన్నా చెప్పినా చెవికెక్కేది కాదు, కళ్లన్నీ ట్యూబు మీదే.

ఇప్పుడు కర్రతో తట్టందే కట్టె ముట్టను. మోకాళ్ల దాకా గమ్‌బూట్లు, చీకటైతే టార్చి. నాగులచవితికి అమ్మ పుట్టలో పాలు పోస్తే వద్దనలేదు. మొన్న బూట్లేసుకొని బండెక్కుతుంటే మా ఆవిడ గడపలోంచే అడిగింది, "మరి తలకాయకో?"