హన్మకొండ చౌరస్తాలో ఒక ఆదివారం

పెళ్లి చీరలు కొనే దగ్గర మగవాళ్లకు బిల్లు కట్టేదాకా పనేమీ ఉండదు. అక్కా బావా పొద్దున్నే జగిత్యాల నుంచి దిగారు. చౌరస్తాలో ఒక బట్టల దుకాణంలో అక్కను, మా ఆవిడను కూర్చోబెట్టాం. మొదటి కట్ట విప్పగానే అర్థమైంది, ఇది తొందరగా తెగే బేరం కాదని. బావ కాసేపు ఫోన్ చూసి, కాసేపు ఆవలించి, "ఇట్ల కూసునుడేంది, మీ ఊర్లె ఏదన్న చూపియ్యరాదు" అన్నాడు.

చుట్టాలొస్తే అందరం ఖిలాకే తీసుకెళ్తాం, లేదంటే బండి మాట్లాడి రామప్పకు. హన్మకొండ అంటే మాకు బస్టాండు, బట్టలు, బంగారం, కోచింగ్ సెంటర్లు. కాకతీయులు ఓరుగల్లుకు మారకముందు రాజధాని ఇదేనన్న సంగతి ఇక్కడ పుట్టి పెరిగిన నాలాంటి వాళ్లకు కూడా రోజువారీ గొడవలో గుర్తుండదు. పైగా బావకు జగిత్యాల అంటే కాస్త ఎక్కువ. అందుకే ఈసారి కోట వద్దనుకున్నాను. చౌరస్తా చుట్టుపక్కలే తిప్పుదామనుకున్నాను.

ముందు అగ్గలయ్య గుట్ట. కుట్టు మిషన్ల చప్పుడు, పార్కింగ్ కోసం తగువులు, హారన్లు దాటుకుని మెట్లెక్కితే సద్దు ఒక్కసారిగా తగ్గుతుంది. బండ మీద జైన తీర్థంకరులను చెక్కారు. పెద్ద విగ్రహాన్ని చూడాలంటే మెడ వెనక్కి వాల్చాల్సిందే. చేతులు మోకాళ్లదాకా నిటారుగా దించి, ఒంటి మీద నూలుపోగు లేకుండా నిలబడి ఉంటాడు. ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు పక్కటెముకల దగ్గర ఉలి గీసిన మెత్తటి వంపు కనిపిస్తుంది, నడినెత్తిన ఉన్నప్పుడు ఏమీ తెలియదు. మేము వెళ్లేసరికి మధ్యాహ్నమే, సగం అందం పోయింది. అగ్గలయ్య 11వ శతాబ్దపు జైన వైద్యుడు, శస్త్రచికిత్సలో దిట్ట, చాళుక్యుల కాలపు శాసనంలో వైద్యరత్నాకరుడన్న బిరుదుంది అని చెప్పాను. ఆయాసపడుతూ రెయిలింగ్ పట్టుకున్న బావ, "ఆయన ఉంటే నా మోకాళ్లు చూపిచ్చుకుందు" అన్నాడు. నన్నడిగితే ఊళ్లో ఇంత మంచి చోటు ఇంకోటి లేదు. సగంమంది హన్మకొండ వాళ్లు ఇది ఎక్కనే లేదు.

అక్కడి నుంచి ఆటోలో పద్మాక్షి గుట్టకు. ఇక్కడ కూడా మొదట జైనులే. కాకతీయ రాజు రెండవ ప్రోలరాజు మంత్రి బేతన భార్య మైలమ 1117లో ఈ గుట్ట మీద కడలాలయ బసది అనే జైన గుడి కట్టించినట్టు కన్నడ శాసనం ఉంది. ఆ గుడిలోనే ఇప్పుడు పద్మాక్షమ్మ పూజలందుకుంటోంది. బండ మీది తీర్థంకరుడికీ పసుపు కుంకుమలు అందుతుంటాయి, ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. సద్దుల బతుకమ్మ రోజు ఈ గుట్ట కింద చెరువు దగ్గర అడుగు తీసి అడుగు వేయలేం. ఈ రోజు మాత్రం నలుగురు కుర్రాళ్లు, రెండు కోతులు. ఎక్కువసేపు ఉండలేదు, బావకు ఆకలి.

సర్వపిండి తిన్నాం. అంచులు కరకరలాడుతూ, మధ్యలో వేలితో పెట్టిన చిల్లుల్లో నూనె పట్టి వేడివేడిగా ఉంది. ఈ విషయంలో మాత్రం బావ ఏ వంకా పెట్టలేదు.

వేయిస్తంభాల గుడిని చివరికి ఉంచుకున్నది కావాలనే. మూడు గర్భగుళ్లు, శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి. ఎదురుగా నల్లరాతి నంది, దాని అవతల కల్యాణమండపం. వెయ్యి ఉన్నాయో లేవో లెక్కపెట్టే పిల్లలు ఎప్పుడూ ఉంటారు, ఈ రోజూ ఇద్దరు వేళ్లు మడుస్తూ తిరుగుతున్నారు. స్తంభానికి దగ్గరగా నిలబడితే మన ముఖం మసకగా కనబడుతుంది, అంత నునుపు. కల్యాణమండపం పునాది కుంగిందని 2006లో విప్పదీశారు. అప్పట్లో రాళ్లకు నంబర్లు వేసి పెట్టి ఉండేవి, ఇక మళ్లీ నిలబడదని మా ఇంట్లో అందరం తీర్మానించుకున్నాం. ఇసుక పునాది మీద కట్టిన ఆ మండపం మళ్లీ లేచి, 2024 మార్చి 8న శివరాత్రి నాడు తెరుచుకుంది.

ఇక అసలు సంగతి. ఆవరణలో రుద్రదేవుడి శాసన స్తంభం ఉంది, 1163 నాటిది. చాళుక్యుల కింద సామంతులుగా ఉన్న కాకతీయులు ఇక మేము స్వతంత్రులం అని చాటింది ఇందులోనే. సంస్కృతం, రాసిన కవి పేరు అచింతేంద్రుడు. రుద్రదేవుడు ఓడించిన రాజుల జాబితాలో మేడరాజు ఒకడు. ఆయనది పొలవాస రాజ్యం. అంటే జగిత్యాల పక్కన పొలాస.

"మా రుద్రదేవుడు మీ రాజును ఓడగొట్టిండు బావా, రాయి మీద రాసి పెట్టిండ్రు" అన్నాను.

బావ కళ్లజోడు తీసి తుడిచి, రాయి దగ్గరికి వంగి, చదవరాని ఆ అక్షరాలను కిందినుంచి మీదిదాకా చూశాడు. "గెలిచినోడే రాయించుకున్నడు గద. మా రాజు రాయించిన రాయి ఏడ ఉందో వెతుకాలె" అన్నాడు. వాదించలేదు నేను. నిజానికి మంచి ప్రశ్నే. ఈ ఊరు రాజధానిగా ఎదిగింది చుట్టుపక్కల సామంతులను ఒక్కొక్కరినీ దారికి తెచ్చుకునే కదా, వాళ్ల వైపు నుంచి ఈ కథ ఎట్లా ఉంటుందో ఎప్పుడూ ఆలోచించలేదు.

తర్వాత బావ ఊపందుకున్నాడు. జగిత్యాల ఖిలా నక్షత్రం ఆకారంలో ఉంటుందట, చుట్టూ కందకమట, ఫిరంగులట, మీ మట్టికోట రాతికోటలకు ఆ వంపులు లేవట. ఓరుగల్లు కోట కట్టిన కాలానికి ఫిరంగులు ఎక్కడివి, మీది పద్దెనిమిదో శతాబ్దపు కోట, పోల్చడమే తప్పు అన్నాను. అయినా వినలేదు. సంక్రాంతికి ఇంటిల్లిపాదినీ రమ్మన్నాడు. మొదట పొలాసకే తీసుకుపోతాడట.