రంధ్రం గోడకు రాగి ఎట్ల పడుతది

నల్లగొండలో మా షాపుకు ఎక్కువగా వచ్చేవి బోరు మోటార్ల ఆటో స్టార్టర్ సర్క్యూట్ బోర్డులే. ఒకవైపే రాగి ఉండేవైతే నేనే తయారు చేస్త. కరెంటు పారే రాగి గీతలు ఉండాల్సిన చోట టోనర్ (లేజర్ ప్రింటర్ పొడి) అంటించి, బోర్డును ఫెర్రిక్ క్లోరైడ్‌ల వేస్త. 35 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరుల వెయ్యో వంతు) రాగి పొర, టోనర్ లేని చోటల్లా కరిగిపోతది. ట్రే ఊపుతనే ఉండాలె. రాగి మెరుపు పోయి గులాబీ రంగుకు తిరుగుతది, కాసేపటికి అంచుల కాడ బోర్డు బయటపడుతది. అయినంక కూడా ఉంచితే ద్రావణం పక్కల నుంచి దూరి సన్న గీతలను తినేస్తది.

రెండువైపులా రాగి ఉన్న బోర్డు సంగతి వేరు. పైగీతను కింది గీతతో కలిపేది బోర్డుల ఉన్న రంధ్రమే, కానీ దాని గోడ గాజునార, ఎపాక్సీ (గట్టిపడిన జిగురు), కరెంటు పారదు. అందుకే ఫ్యాక్టరీల ముందు పల్లేడియం అనే లోహం కణాలు అంటించి, కరెంటు లేకుండానే పల్చటి రాగి పొర ఎక్కిస్తరు. తర్వాత కాపర్ సల్ఫేట్, సల్ఫ్యూరిక్ యాసిడ్ తొట్టిల బోర్డును నెగటివ్‌కు కలిపితే గోడ మీద 20–25 మైక్రాన్ల దాకా రాగి పేరుకుంటది. గీతల మీద తగరం పూసి, అమోనియా కలిసిన ద్రావణంతో మిగతా రాగి తీసేస్తరు. ఆ ద్రావణం తగరాన్ని ముట్టదు. ఫెర్రిక్ క్లోరైడ్ అయితే దాన్నీ తింటది.

ఈ గోడ కాడ రాగి పొదుపు చేసిన బోర్డంటే నాకు కోపం. వేడికి ఎపాక్సీ రాగి కంటే ఎక్కువ ఉబ్బుతది, పల్చటి గోడ చిట్లుతది. పొద్దున నడిచిన మోటారు మధ్యాహ్నం ఆగుతది, రైతేమో కరెంటోళ్లను తిడుతడు. అసొంటి రంధ్రంల రాగి తీగ దూర్చి, రెండువైపులా సోల్డర్ పెట్టి ఇస్త.