పాత డెస్క్‌టాప్‌కు ర్యామ్ కొనే ముందు చిప్‌లు లెక్కపెట్టండి

పాత కంప్యూటర్‌లో ర్యామ్ (పని నడుస్తున్నప్పుడు వాడుకునే మెమరీ) పెంచాలనుకున్న వారు దుకాణానికి వెళ్లి మొదట అడిగేది "నాలుగు జీబీ ఉందా?" అని. దుకాణదారు "డీడీఆర్ రెండా, మూడా?" అని అడుగుతాడు. ర్యామ్ ఏ తరానిదన్న ఆ ప్రశ్నకు జవాబు దొరికితే బేరం కుదిరిపోతుంది. 2008, 2010 ప్రాంతపు మదర్‌బోర్డుల విషయంలో ఈ రెండు ప్రశ్నలు చాలవు. ఆ నాలుగు జీబీని ఎన్ని చిప్‌లలో సర్దారు అన్న మూడో ప్రశ్న ఎవరూ అడగకపోవడం వల్ల మంచి స్టిక్‌లు (ర్యామ్ పలకలు) పాడైనవిగా, మంచి బోర్డులు చచ్చిపోయినవిగా లెక్కలోకి వెళ్లి మూలన పడుతున్నాయి. హనుమకొండలో మా చిన్నాయన నడిపే డీటీపీ సెంటర్‌లో కొంతకాలం క్రితం ఇదే జరగబోయింది కనుక, ఆ కంప్యూటర్‌ను ఎలా పరీక్షించామో వివరంగా రాస్తున్నాను.

అది కోర్ 2 డ్యుయో ఈ7500 ప్రాసెసర్, ఇంటెల్ జీ41 చిప్‌సెట్ (ప్రాసెసర్‌ను మిగతా భాగాలతో కలిపే చిప్‌లు) బోర్డు, రెండు డీడీఆర్3 స్లాట్‌లు, వాటిలో ఒకే ఒక 2 జీబీ స్టిక్ ఉన్న యంత్రం. పెళ్లిళ్ల కాలంలో ఒకవైపు పేజ్‌మేకర్‌లో లగ్నపత్రిక, మరోవైపు ఫొటోషాప్‌లో ఫ్లెక్సీ తెరిచి ఉంచితే హార్డ్ డిస్క్ దీపం ఆరకుండా వెలుగుతూనే ఉండేది. చిన్నాయన రెండు కొత్త 4 జీబీ డీడీఆర్3 స్టిక్‌లు తెప్పించారు. వాటిని పెట్టి స్విచ్ నొక్కితే ఫ్యాన్ తిరుగుతోంది కానీ డిస్‌ప్లే లేదు. పాత స్టిక్ పెడితే ఎప్పటిలాగే నడుస్తోంది. చూసిన టెక్నీషియన్ బోర్డు పని అయిపోయిందని, కొత్త సిస్టమ్ తీసుకోవడమే మేలని చెప్పి వెళ్లాడు.

"స్టిక్కులు కొత్తయే గద బిడ్డా, మరి తెర మీదికి ఏం వస్తలేదేంది?" అని చిన్నాయన అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు కావాలంటే ముందు స్టిక్ తప్పా, బోర్డు తప్పా అన్నది తేలాలి.

పవర్ కేబుల్ ప్లగ్‌లో ఉన్నంతసేపు, కంప్యూటర్ ఆపేసి ఉన్నా బోర్డులో 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు ఉంటుంది కాబట్టి, కేబుల్ పీకేసి, పవర్ బటన్‌ను కొన్ని క్షణాలు నొక్కి పట్టి, క్యాబినెట్ ఇనుపభాగాన్ని చేతితో తాకిన తరువాతే ర్యామ్‌ను ముట్టుకోవాలి. రోడ్డు పక్కన ఉండే దుకాణాలలో స్లాట్ గాడి నిండా దుమ్ము పేరుకొని ఉంటుంది. దానిని మెత్తని బ్రష్‌తో దులిపి, స్టిక్ కాంటాక్టులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన నూలుగుడ్డతో తుడిచాను. రబ్బరుతో రుద్దే అలవాటు మన దగ్గర చాలామందికి ఉంది కానీ, కాంటాక్టుల మీది బంగారు పూత చాలా పలుచన, పైగా రబ్బరు పొట్టు స్లాట్‌లో పడుతుంది. కనుక ఆ పద్ధతిని నేను సమర్థించను. స్టిక్‌ను రెండు చివరలా సమంగా నొక్కి, పక్కల ఉన్న క్లిప్‌లు వాటంతట అవే బిగుసుకున్నాయో లేదో చూడాలి. కొత్తవారు స్టిక్ విరుగుతుందేమోనన్న భయంతో సగంలోనే ఆపేస్తారు.

తరువాతిది బీప్ పరీక్ష. ఈ రోజుల్లో క్యాబినెట్‌లతో స్పీకర్ రావడం లేదు కానీ, బోర్డు మీద నాలుగు పిన్‌లకు తగిలించే చిన్న స్పీకర్ విడిగా దొరుకుతుంది, ధర కూడా స్వల్పమే. ర్యామ్ అంతా తీసేసి ఆన్ చేస్తే బోర్డు బీప్‌లు కొట్టింది. అంటే ప్రాసెసర్, బయోస్ (కంప్యూటర్‌ను మొదలుపెట్టే, బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) రెండూ బతికే ఉన్నాయి, మెమరీ లేదన్న ఫిర్యాదు ఆ బోర్డే చేస్తోంది. బోర్డు పోయిందన్న తీర్పు ఇక్కడే వీగిపోయింది. కొత్త స్టిక్‌లను ఒక్కొక్కటిగా, ఒక్కొక్క స్లాట్‌లో పెట్టి చూసినా అవే బీప్‌లు వచ్చాయి. పాత స్టిక్ మాత్రం రెండు స్లాట్‌లలోనూ పనిచేసింది కాబట్టి స్లాట్‌లు కూడా మంచివే. బోర్డు మీది జంపర్‌తో సీమాస్‌ను, అంటే దాచి ఉన్న బయోస్ సెట్టింగ్‌లను, రీసెట్ చేసినా మార్పు లేదు. చివరకు ఆ స్టిక్‌లనే పక్క దుకాణంలోని హెచ్61 చిప్‌సెట్ బోర్డులో, అంటే తరువాతి తరం బోర్డులో, పెడితే మొదటి ప్రయత్నంలోనే డిస్‌ప్లే వచ్చింది.

బోర్డూ మంచిదే, స్టిక్‌లూ మంచివే, కానీ రెంటికీ పొసగడం లేదు. కారణం స్టిక్‌ను కంటితో చూస్తేనే తెలుస్తుంది. దాని మీద ఒక వైపే ఎనిమిది నల్లని చిప్‌లు ఉన్నాయి, రెండో వైపు బోసిగా ఉంది. స్టిక్కర్ మీద 1ఆర్×8 అని ముద్రించి ఉంది, అంటే ఒకేసారి ఎనిమిది బిట్లు అందించే (ఎనిమిది బిట్ల వెడల్పు గల) చిప్‌ల జట్టు (ర్యాంక్) ఒకటే అని. నాలుగు గిగాబైట్లంటే ముప్ఫై రెండు గిగాబిట్లు. వాటిని ఎనిమిది చిప్‌లకు పంచితే ఒక్కో చిప్‌కు నాలుగు గిగాబిట్లు వస్తాయి. జీ41లో మెమరీని నడిపే కంట్రోలర్ ప్రాసెసర్‌లో ఉండదు, నార్త్‌బ్రిడ్జ్‌లో (చిప్‌సెట్‌లోని ప్రధాన చిప్‌లో) ఉంటుంది, అది డీడీఆర్3 చిప్‌లను రెండు గిగాబిట్ల వరకే గుర్తిస్తుంది. ఎనిమిది బిట్ల వెడల్పు గల రెండు గిగాబిట్ల చిప్‌లో వరుసల చిరునామాకు 15 బిట్లు చాలు, నాలుగు గిగాబిట్ల చిప్‌కు 16 బిట్లు కావాలి. ఆ పదహారో బిట్‌ను పంపే ఏర్పాటు ఆ నార్త్‌బ్రిడ్జ్‌లో లేదు. అందువల్ల ఇలాంటి స్టిక్ పెడితే కొన్ని బోర్డులు సగం మెమరీనే చూపిస్తాయి, కొన్ని అసలు మొదలే కావు. బయోస్ అప్‌డేట్ చేసినంత మాత్రాన లేని తీగ పుట్టదు.

కావలసింది రెండు వైపులా ఎనిమిదేసి, మొత్తం పదహారు చిప్‌లు ఉండి, స్టిక్కర్ మీద 2ఆర్×8 అని రాసి ఉన్న 4 జీబీ స్టిక్. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఏఎండీ బోర్డులకు మాత్రమే అని చెప్పి కొన్ని స్టిక్‌లు చవకగా అమ్ముతారు. వాటి మీద కూడా పదహారు చిప్‌లే ఉండవచ్చు కానీ, అవి నాలుగు బిట్ల వెడల్పు గలవి. జీ41 వాటిని స్వీకరించదు. కాబట్టి చిప్‌లు లెక్కపెట్టడంతో ఆగకుండా స్టిక్కర్ కూడా చదవాలి. ఇలాంటి పాత సరుకు వరంగల్‌లో దొరకకపోతే కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీకి (చెనాయ్ ట్రేడ్ సెంటర్) వెళ్లి వెతకడం మనవాళ్లకు అలవాటే. చిన్నాయన అలాగే వెళ్లి, పదహారు చిప్‌లవి రెండు ఏరి తెచ్చారు. అవి పెట్టగానే బయోస్ 8 జీబీ చూపించింది. 1333 వేగం అని రాసి ఉన్న స్టిక్‌లు 1066 వేగంతో నడవడం చూసి చిన్నాయన కొంచెం కంగారుపడ్డారు కానీ, ఈ ప్రాసెసర్ బస్ (నార్త్‌బ్రిడ్జ్‌తో కలిపే దారి) వేగమే 1066 కనుక అది లోపం కాదు.

విండోస్‌లోకి వెళ్తే 8 జీబీలో వాడుకోదగినది సుమారు మూడుంబావు అని కనిపించింది. అది 32 బిట్ల విండోస్ 7. ఆ రకం విండోస్ 7 నాలుగు జీబీకి మించి వాడుకోదు, అందులోనూ కొంత చిరునామా స్థలం గ్రాఫిక్స్‌కు, ఇతర పరికరాలకు పోతుంది. ఈ7500 ప్రాసెసర్ 64 బిట్లదే కాబట్టి 64 బిట్ల విండోస్ వేయడం ఒక్కటే మార్గం. వేసిన తరువాత కూడా మూడు చిల్లరే కనిపిస్తే బయోస్‌లో మెమరీ రీమ్యాప్ అన్న ఐచ్ఛికం ఆన్‌లో ఉందా, విండోస్‌లోని ఎంఎస్‌కాన్ఫిగ్ అనే సెట్టింగ్‌ల ప్రోగ్రామ్‌లో మ్యాగ్జిమమ్ మెమరీ దగ్గర టిక్ ఏదైనా ఉందా అని చూడాలి. డీటీపీ సెంటర్ వారు మాత్రం విండోస్ మార్చే ముందే తమ ప్రింటర్‌కు, స్కానర్‌కు 64 బిట్ల డ్రైవర్ ఉందో లేదో చూసుకోవాలి. గిరాకీ నిలబడి ఉన్నప్పుడు ప్రింటర్ మొండికేస్తే పెంచిన మెమరీ ఎందుకూ కొరగాదు.

వాడిన స్టిక్‌లు కొన్నప్పుడు మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్86+ ప్రోగ్రామ్‌ను పెన్‌డ్రైవ్ నుంచి నడిపి రాత్రంతా వదిలేయాలి. ఒక్క ఎర్రగీత కనిపించినా ఆ స్టిక్‌ను తిరిగి ఇచ్చేయడమే మంచిది, ఎందుకంటే అలాంటి మెమరీతో కంప్యూటర్ ఆగిపోవడం కంటే ఫైళ్లు తెలియకుండా చెడిపోవడమే ఎక్కువ నష్టం. చిన్నాయన తెచ్చిన రెండూ ఆ పరీక్షలో నెగ్గాయి. ఇక ఫొటోషాప్‌లో 32 బిట్ల రూపమే ఉంచుకుంటే అది కొత్త మెమరీలో కొంత భాగాన్నే వాడుకుంటుంది. సీఎస్4 నుంచి విండోస్‌కు 64 బిట్ల రూపం ఉంది. అది వేసుకొని, ప్రిఫరెన్సెస్‌లో పర్ఫార్మెన్స్ కింద ఎంత మెమరీ వాడుకోవచ్చో పెంచి, పేజ్‌మేకర్‌కు సరిపడా మిగిల్చితే రెండూ పక్కపక్కనే తెరిచి పనిచేసుకోవచ్చు.