బ్యుప్రెనార్ఫిన్ బిళ్ల: మొదటి మోతాదుకు తొందరొద్దు

హెరాయిన్ లాంటి మత్తు మానడానికి ఇచ్చే మందు బ్యుప్రెనార్ఫిన్. డీ-అడిక్షన్ సెంటర్లో పేరు రాయించుకోగానే ఆ బిళ్ల చేతిలో పెడతారనుకుని వెళ్తాం. పెట్టరు, పెట్టకూడదు కూడా. చివరిసారి హెరాయిన్ తీసుకుని కనీసం 12 గంటలు గడవాలి. ఒంట్లో ఎక్కువసేపు ఉండే మెథడోన్ (హెరాయిన్ తరహా మరో మందు) అయితే రెండు మూడు రోజులు పట్టొచ్చు.

గడియారం ఒక్కదాన్నే నమ్మితే కుదరదు. ఆవలింతలు, ముక్కు కారడం, కనుపాపలు పెద్దవవడం, ఒళ్లు జలదరించడం, కాళ్లు పీకడం, ఇవి మత్తు ఆగినప్పుడు వచ్చే బాధలు. వీటి తీవ్రత కొలిచే కౌస్ (COWS) పట్టికలో డాక్టరు మార్కులు వేస్తారు. కనీసం 8 వచ్చాకే మొదటి బిళ్ల. 12 దాటితే ఇంకా నయం. బ్యుప్రెనార్ఫిన్ మెదడులోని గ్రాహకాలను (మత్తు పదార్థం అతుక్కునే చోట్లను) హెరాయిన్ కన్నా గట్టిగా పట్టుకుంటుంది, కానీ దానంత పని చేయదు. ఒంట్లో హెరాయిన్ ఉండగానే వేస్తే దాన్ని తోసేసి తను కూర్చుంటుంది. మెల్లగా రావాల్సిన బాధంతా గంటా రెండు గంటల్లోనే మీద పడుతుంది. "ఈ మందు నాకు పడలేదు" అని చాలామంది మానేసేది ఇక్కడే. నన్నడిగితే మందు మంచిదే, వేసిన వేళే తప్పు. చివరిసారి ఎప్పుడు వాడారో డాక్టరు దగ్గర దాచకండి.

మొదట 2 లేదా 4 మిల్లీగ్రాములిచ్చి కాసేపు కూర్చోబెట్టి చూస్తారు. తొలిరోజు మొత్తం సాధారణంగా 8 దాటనివ్వరు. తర్వాత చాలామందికి రోజుకు 8 నుంచి 16 మధ్య కుదురుకుంటుంది.

బిళ్లను నాలుక కింద పెట్టుకుని కరగనివ్వాలి. మింగితే దండగే, చాలావరకు కాలేయంలోనే విరిగిపోతుంది. నేనైతే ముందు గుక్కెడు నీళ్లతో నోరు తడుపుకుంటాను. పొడినోట్లో త్వరగా కరగదు. కరిగేదాకా, అంటే ఐదు పది నిమిషాలు, మాటలొద్దు, ఉమ్మి మింగొద్దు. కరిగాక నీళ్లు పుక్కిలించి మింగేయాలి, గంట దాకా బ్రష్ చేయకూడదు. పళ్లు పాడవుతున్నాయని 2022లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. మలబద్ధకం గురించి చెప్పడానికి మొహమాటపడొద్దు, దానికీ మందుంది.

తెలంగాణలో ఉన్నవాళ్లకు ఇంకో మాట. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజిపాం అనే మత్తు, నిద్ర మందులు కలుపుతారు. బ్యుప్రెనార్ఫిన్‌తో అవి కలిస్తే ఊపిరి మందగించి ప్రాణం మీదకు రావచ్చు. "కల్లే కదా" అనుకునేది కాదు.

మందుల షాపులో ఈ బిళ్ల అమ్మరు. పండక్కి ఊరెళ్లాలంటే ఆ కొన్ని రోజులకూ ఏర్పాటేమిటో ముందే సెంటర్లో అడగాలి. వారం దాకా తప్పిపోతే మళ్లీ పాత మోతాదుతో సొంతంగా మొదలెట్టకుండా డాక్టరు దగ్గరికే వెళ్లాలి. ఆ సందులో పాత కొలతలో హెరాయిన్ వైపు వెళ్తే మరీ ప్రమాదం, ఒళ్లు ఇదివరకటిలా తట్టుకోలేదు. దగ్గర్లో సెంటర్ ఎక్కడుందో 14446కి ఫోన్ చేస్తే చెబుతారు.