గుట్ట ఇసుకవుతుంది, ఇసుక గుట్టవుతుంది

హన్మకొండలో పెరిగినవాళ్లకు గుట్టలు కంటికి ఆనవు. పద్మాక్షి గుట్ట అంటే బతుకమ్మ, కోటలో ఏకశిల గుట్ట అంటే ఆదివారం పిల్లల షికారు, అంతే. ఈ కార్తీకంలో బావ కాళేశ్వరం పోదామన్నప్పుడు నేనొక షరతు పెట్టాను. తిన్నగా పోవద్దు, దారిపొడుగునా రాళ్లు చూసుకుంటూ పోదాం అని. "రాళ్లల్ల ఏముంటది చూసేటందుకు?" అని నవ్వాడు గాని, కారు మాత్రం మొదట కోటవైపే తిప్పాడు.

ఏకశిల గుట్ట నేలలోంచి పైకి పెరిగిందనుకుంటాం. నిజానికి అది ఉన్నచోటే ఉంది, చుట్టూ ఉన్న నేల కిందికి దిగిపోయింది. మన ప్రాంతపు గ్రానైట్ దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటిది. భూమి లోపల కిలోమీటర్ల లోతున, కరిగిన రాయి మెల్లగా చల్లారి గట్టిపడింది. మీదున్నదంతా వానకూ గాలికీ అరిగిపోతే ఇది బయటపడింది. పగుళ్లు ఎక్కువున్న రాయిలోకి నీళ్లు దిగి ముందే శిథిలమైంది, పగుళ్లు తక్కువున్నది ఇలా బోడిగుండులా నిలబడింది. మీది బరువు తొలగాక రాయి కొంచెం ఉబ్బి, ఉల్లిపొరల్లా పెచ్చులు లేస్తుంది. ఆ పెచ్చుల మధ్య రావి మొక్కో మర్రి మొక్కో వేరు పోనిస్తే ఇక చెప్పక్కర్లేదు.

గుట్ట అడుగున మొరం గుప్పెడు తీసి నలిపాను. సగం చచ్చిన గ్రానైట్ అది. అందులోని ఫెల్స్‌పార్ అనే ఖనిజం నీటితో కలిసి బంకమట్టిగా మారిపోతుంది. క్వార్ట్జ్ అనే ఇంకో ఖనిజం మాత్రం దేనికీ లొంగదు, గింజగింజగా విడిపోయి ఇసుకవుతుంది. మన ఎర్ర చెలకలు, వాగుల్లో ఇసుక, అన్నీ ఈ గుట్టల నుంచి రాలినవే. కరీంనగర్ వైపు క్వారీల్లో ఇదే రాయిని దిమ్మెలుగా కోసి విదేశాలకు పంపుతున్నారు. వాన కోట్ల ఏళ్లలో చేసే పని అక్కడ ఒక్క తరంలోనే అయిపోతోంది. నాకది నచ్చదు.

పరకాల దాటి రేగొండ వచ్చేసరికి రాయి రూపే మారిపోయింది. తిరుమలగిరి దగ్గర పాండవుల గుట్టల్లో గుండ్లు లేవు. నిలువునా లేచిన ఎర్రటి గోడలు, వాటిలో పొరమీద పొర. ఇది ఇసుకరాయి. ఏనాటివో గుట్టలు అరిగి, ఆ ఇసుకను నీళ్లు మోసుకొచ్చి పరిస్తే, బరువుకు అదిమి, గింజల మధ్య ఖనిజాలు చేరి అతుక్కుని మళ్లీ రాయైంది. ఎరుపు ఇనుము తుప్పుది. కొన్నిచోట్ల పొరలు అడ్డంగా కాక ఏటవాలుగా ఉన్నాయి. ఆనాటి ప్రవాహం ఇసుకను తోసుకుంటూ పోయిన గుర్తు అది. హిమాలయాలు పుట్టకముందే ఈ గోడలు పాతబడ్డాయంటే బావ నమ్మలేదు.

మెత్తటి పొర ముందు తరిగి, గట్టి పొర చూరులా ముందుకు మిగిలితే గుహలాంటి నీడ ఏర్పడుతుంది. ఆ నీడల్లోనే ఒకప్పటి మనుషులు రంగులతో బొమ్మలు వేశారు. అడవిదున్న, జింక, పులి, విల్లంబులు. ఇవి బయటి లోకానికి తెలిసింది 1990లో. మాకు దారి చూపించిన పెద్దాయన "పాండవులు వనవాసంల ఇక్కన్నే ఉన్నరు బిడ్డా" అన్నాడు. నేను ఇసుక కథ చెబితే ఓపిగ్గా విని, "ఇసుకను గట్టిగ చేసింది ఎవరు మరి?" అన్నాడు. నా దగ్గర అంతకంటే మంచి జవాబు లేదు.

అక్కడి నుంచి భూపాలపల్లి దారిలో మోరంచవాగు. మేం పోయినప్పుడు మోకాళ్లలోతు నీళ్లు, ఒడ్డున బట్టలు ఉతుకుతున్నవాళ్లు. 2023 జులై 27న ఈ వాగే మోరంచపల్లిని ముంచింది. జనం ఇళ్ల కప్పులెక్కితే హెలికాప్టర్లు రావలసి వచ్చింది. అదే వానకు ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో దాదాపు 65 సెంటీమీటర్లు పడింది. నేల రూపు నెమ్మదిగా మారుతుందని పుస్తకాలు అంటాయి. నిజమే, కానీ ఏళ్ల తరబడి కదలని గుండు ఇలాంటి ఒక్క రాత్రి కదులుతుంది.

భూపాలపల్లిలో బొగ్గు ఎందుకుందో కూడా ఇదే లెక్క. ఈ గోదావరి పట్టీ ఒకప్పుడు పగుళ్ల మధ్య కిందికి కుంగింది. ఆ పల్లంలో ఇసుకా చెట్లూ పూడిపోయి, పూడిన చెట్లు బొగ్గయ్యాయి. గోదావరి ఇప్పటికీ ఆ పల్లం పట్టుకునే పోతోంది. 2024 డిసెంబర్ 4 పొద్దున ములుగు కేంద్రంగా 5.3 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు హన్మకొండలో మా వంటింట్లో గిన్నెలు కదిలాయి. పాత పగుళ్లు పూర్తిగా నిద్రపోలేదు.

కాళేశ్వరంలో గోదావరి, ప్రాణహిత కలిసేచోట ఎటు చూసినా ఇసుకే. కార్తీక స్నానాలకు వచ్చినవాళ్లు గట్టు నుంచి చాలా దూరం నడిస్తే గాని నీళ్లు అందవు. కొద్ది దూరంలోనే మేడిగడ్డ. 2023 అక్టోబర్‌లో అక్కడ బ్యారేజీ పిల్లర్లు కుంగాయి. పునాది కింది ఇసుక కొట్టుకుపోవడం దానికి ఒక కారణమని కేంద్ర నిపుణుల బృందం చెప్పింది. 1213 నాటి రామప్ప గుడి పునాదిలోనూ ఇసుకే పోశారంటారు. ఈ రెండింటినీ పోల్చడం న్యాయం కాదు, గుడి కింద నుంచి గోదావరి పారదు. అయినా ఇసుక కదులుతుందన్న సంగతి మనకు తెలియనిదేం కాదు.

తిరుగు ప్రయాణంలో మహదేవపూర్ దగ్గర ఇసుక లారీల వెనక ఇరుక్కుపోయాం. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లు అవ్వడానికి పోతోందదంతా. హారన్ కొట్టీ కొట్టీ విసిగిన బావ, "నీ గుట్టలు పోతున్నయ్ చూడు" అన్నాడు.