గ్లికా నేరా దాకా: క్రీట్ కొండ అంచున పిల్లలతో నడక

యూరప్‌లో ఉంటున్న తెలుగు కుటుంబాలకు గ్రీసు ద్వీపాలు ఇప్పుడు కొత్తేమీ కాదు. చాలామంది సాంటోరినీకి వెళ్లి, ఫోటోలు దిగి వచ్చేస్తారు. పిల్లలకు కాస్త నడక, కాస్త సముద్రం, కాస్త భయం కూడా ఉన్న చోటు కావాలంటే క్రీట్ దక్షిణ తీరం నయం. అందులోనూ హోరా స్ఫాకియోన్ అనే చిన్న రేవు నుంచి లుత్రో ఊరికి పోయే కాలిబాట. ఆ రెంటికీ మధ్య గ్లికా నేరా (గ్రీకులో "తీపి నీళ్లు", అంటే మంచినీళ్లు) అని ఒక గులకరాళ్ల తీరం ఉంది. దానికి కారు దారి లేదు. నడిచైనా వెళ్లాలి, పడవైనా ఎక్కాలి.

ఎనిమిదేళ్లు దాటి, చెప్పిన మాట వినే పిల్లలైతే ఈ దారి సరిపోతుంది. అంతకంటే చిన్నవాళ్లను, మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మా తాతయ్యలను పడవలో పంపి, తీరంలో కలుసుకోవచ్చు. వేసవిలో హోరా స్ఫాకియోన్ నుంచీ లుత్రో నుంచీ చిన్న పడవలు అక్కడ ఆగుతాయి. పెద్ద ఫెర్రీ ఆగదు. లండన్ నుంచి వెళ్లేవాళ్లు ఒకటి మరచిపోతుంటారు. పెద్దవాళ్ల దగ్గరున్న బ్రిటన్ విజిటర్ వీసా గ్రీసులో పనికిరాదు, షెంగెన్ వీసా విడిగా తీసుకోవాలి.

క్రీట్‌లోని హన్యా నగరం నుంచి హోరా స్ఫాకియోన్‌కి బస్సుంది. చివర్లో కొండ దిగేటప్పుడు అన్నీ మెలికలే, వాంతులయ్యే పిల్లల్ని ముందు సీట్లో కూర్చోబెట్టాలి. ఊళ్లో దిగాక కొండపైనున్న అనోపోలి ఊరి వైపు తారురోడ్డు పట్టుకోవాలి. ఇలింగాస్ బీచ్ దాటాక రోడ్డు కొండెక్కుతూ మొదటి పెద్ద మలుపు తిరుగుతుంది. రోడ్డు కుడికి మెలి తిరిగే ఆ చోటే కాలిబాట సముద్రం వైపు విడిపోతుంది. ఈ-4 అనేది యూరప్ దేశాల గుండా పోయే పొడుగాటి కాలిబాట, దాని పసుపు, నలుపు రంగుల గుర్తులు చూసుకుంటూ పోవాలి. ఊరి నుంచి మలుపు దాకా అరగంట, నలభై నిమిషాల తారురోడ్డు నడకలో చూడ్డానికి ఏమీ లేదు, నీడ అసలే లేదు. ట్యాక్సీ మాట్లాడుకుంటే పిల్లల ఓపిక అసలు దారికి మిగులుతుంది. మలుపు నుంచి తీరానికి పెద్దవాళ్లకు ముప్పావుగంట, పిల్లలతో గంట పైనే వేసుకోండి.

కొండ చరియను చెక్కి తీసిన భాగం మొదట్లోనే వస్తుంది. కుడి పక్క రాతి గోడ, ఎడమ పక్క నేరుగా సముద్రం. మధ్యలో ఒకరు హాయిగా నడిచేంత దారి, కమ్మీ లేదు. ఇక్కడ అమ్మానాన్నలు భయంతో ముందు చేసే పని పిల్లల చెయ్యి పట్టుకోవడం, అది తప్పు. ఇద్దరు పక్కపక్కన నడిస్తే ఒకరు అంచు మీదికి పోతారు. ఒక పెద్ద ముందు, ఒక పెద్ద వెనక, పిల్లలు మధ్యలో గోడకు దగ్గరగా వరుసగా నడవాలి. వెనకున్నవాళ్లు పిల్లల బ్యాగు పైన ఉండే పట్టీని పట్టుకుంటే చాలు. ఉబ్బిపోయిన బ్యాగు గోడకు తగిలి మనిషిని బయటికి తోస్తుంది కాబట్టి పిల్లల బ్యాగులో నీళ్లు, టోపీ తప్ప ఏమీ పెట్టొద్దు. ఎదురుగా ఎవరైనా వస్తే వీపు గోడకు ఆనించి నిలబడి వాళ్లను పోనివ్వాలి. పసిపిల్లల్ని మోసే వీపు సంచీతో ఈ దారికి రాకపోవడమే మంచిది. బరువు పైకి జరిగి, చిన్న తడబాటుకే తూలు వస్తుంది.

ఇంకో సంగతి. మన పిల్లలు బడిలో జర్మనో డచ్చో వింటారు, ఇంట్లో తెలుగు వింటారు. ఏ భాషలో అరిస్తే ఠక్కున ఆగుతారో అమ్మానాన్నలకు తెలిసే ఉంటుంది. ఆ ఒక్క మాటే వాడాలని ఇద్దరూ ముందే అనుకోవాలి. అంచు మీద నాన్న ఒక భాషలో, అమ్మ ఇంకో భాషలో అరిస్తే పిల్ల వెనక్కి తిరిగి చూస్తుంది. అక్కడ వెనక్కి తిరగడమే ప్రమాదం.

చెప్పులతో వద్దు, అడుగు పట్టున్న బూట్లు కావాలి. పైన మేకలు తిరుగుతుంటాయి, వాటి కాళ్ల కింద రాళ్లు జారిపడతాయి. మేక అరుపు వినిపించిన చోట ఆగకుండా దాటేయాలి. తీరంలో కూడా కొండ గోడ మొదట్లో దుప్పటి పరవొద్దు, నీడ బాగుందని అక్కడే చేరేవాళ్లుంటారు. కొత్తగా పగిలి తెల్లగా కనిపించే రాళ్లు కింద పడున్నాయంటే, పైనుంచి ఇంకా పడతాయనే అర్థం.

గ్లికా నేరాలో కొందరు బట్టలు లేకుండా ఉంటారు. ఏళ్ల తరబడి ఉన్న అలవాటది, ఎవరూ అడ్డు చెప్పరు. ఇది చాలామంది మనవాళ్లు అక్కడికి వెళ్లాకే తెలుసుకుని, పిల్లల కళ్లు మూసి, మొహం మాడ్చుకుని వెనక్కి తిరుగుతారు. ముందు రోజే చెప్పాలి, చాలా మామూలుగా చెప్పాలి: "అక్కడ కొంతమంది బట్టలు వేసుకోరు, అది వాళ్ల ఇష్టం. మనం వేసుకుంటాం, అది మన ఇష్టం. తేరి చూడం, నవ్వం, ఫోటో తియ్యం." ఇంతకు మించి ఉపన్యాసం అక్కర్లేదు. జర్మనీలో పెరిగిన పిల్లలు సరస్సుల దగ్గర ఇలాంటివి చూసే ఉంటారు, వాళ్లకంటే తాతయ్యకు చెప్పడమే కష్టం. ఆయనకూ ముందే చెప్పాలి, పడవ దిగాక కాదు. తీరం పొడుగ్గానే ఉంటుంది, బట్టలు కట్టుకున్న కుటుంబాల పక్కన చోటు చూసుకోవచ్చు. ఫోటోలు సముద్రం వైపు తిరిగి తీసుకోండి, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టేముందు వెనకాల ఎవరున్నారో చూసుకోండి. తెలుగులో గట్టిగా మాట్లాడుకుంటే ఎవరికీ అర్థం కాదులే అనుకోవద్దు, పక్క గొడుగు కింద గుంటూరు వాళ్లుండొచ్చు.

మనవాళ్ల పిల్లలకు ఈతబట్టల పేచీ కూడా ఉంటుంది, ముఖ్యంగా ఆడపిల్లలకు, అందులోనూ నానమ్మ ఎదురుగా. పొడుగు చేతుల యూవీ టీషర్టు, మోకాళ్ల దాకా ఈత లెగ్గింగు ఇద్దరికీ కుదిరే దారి. ఎండనూ ఆపుతుంది, పెద్దవాళ్ల ముఖమూ మామూలుగా ఉంటుంది. అదే మగపిల్లలకూ వెయ్యండి, లేకపోతే అది ఆడపిల్లకు పెట్టిన నియమం అవుతుంది. నూలు టీషర్టు తడిస్తే బరువెక్కి లాగేస్తుంది, దాంతో ఈత వద్దు. "ఎండలో నల్లబడతావు" అన్న మాట అక్కడ ఎవరూ అనకుండా చూడండి. నీడలో కూర్చోమనడానికి వడదెబ్బ అన్న కారణం చాలు. చామనఛాయ ఒళ్లు కూడా కాలుతుంది, సన్‌స్క్రీన్ అందరికీ రాయాలి.

ఈ తీరానికి ఆ పేరు రావడానికి కారణమైన మంచినీళ్లే పిల్లలకు అసలు సరదా. వెనకున్న లెఫ్కా ఓరి కొండల్లో పాఖ్నెస్ శిఖరం ఎత్తు 2,453 మీటర్లు. ఆ కొండల మీది వానా మంచూ సున్నపురాయి పగుళ్లలోకి ఇంకి, లోపల్లోపలే దిగి, సముద్ర మట్టం దగ్గర గులకరాళ్ల కిందినుంచి బయటికొస్తాయి. ఒడ్డున మూరెడు లోతు తవ్వితే చల్లటి నీళ్లు ఊరతాయి. ఎండిన వాగుల్లో చెలమ తీసి నీళ్లు తోడిన తాతయ్యకు ఈ పని చెప్పక్కర్లేదు. గులకరాళ్లు కూలిపోకుండా పెద్ద రాళ్లు చుట్టూ పేర్చడం, మొదటి బురదనీళ్లు తోడి పారబోసి తేట వచ్చేదాకా ఆగడం ఆయన చేత్తో చూపిస్తేనే పిల్లలకు వస్తుంది. ఆ నీళ్లతో మొహం కడుక్కోండి, సీసా చల్లబరచుకోండి, పిల్లలకు మాత్రం తాగించొద్దు. జనం తిరిగే చోట తవ్విన గుంట అది. తాగడానికి మనిషికి లీటరున్నర మోసుకెళ్లాలి, పిల్లల సీసాలో ఓఆర్‌ఎస్ పొడి కలిపితే మంచిది. ఈదేటప్పుడు అక్కడక్కడా నీళ్లు జివ్వుమంటాయి. ఉప్పునీటి కంటే తేలికైన మంచినీరు చల్లగా పైకి తేలడం వల్ల అలా ఉంటుంది.

సముద్రం ఒడ్డు దగ్గరే లోతు. నాలుగడుగులు వేస్తే కాలు అందదు, లైఫ్‌గార్డు ఉండరని అనుకునే దిగాలి. మనలో చాలామందికి ఈత రాదు, పిల్లలకేమో బడిలో వచ్చేస్తుంది. జర్మనీ పిల్లల జేప్‌ఫెర్డ్షెన్ బ్యాడ్జి అంటే పాతిక మీటర్లు ఈదినట్టు మాత్రమే, అదీ కొలనులో. అది చూసి సముద్రంలోకి వదలొద్దు. ఈత రాని నాన్న ఒడ్డున నిలబడి ఉంటే పిల్లలు ఒడ్డుకు సమాంతరంగా, ఆయనకు కాలందే లోతులోనే ఈదాలి. గాలి ఊదే బొమ్మలు, పరుపులు అసలు తీసుకెళ్లొద్దు. వేసవిలో ఉత్తరం గాలి కొండ దిగి ఒక్కసారిగా సముద్రం వైపు కొడుతుంది. ఒడ్డున నీళ్లు అద్దంలా ఉంటాయి, పరుపు మాత్రం లిబియా వైపు పోతూ ఉంటుంది. దాని వెంట ఈదేవాళ్లే ఆపదలో పడతారు. ఏదైనా జరిగితే 112కి ఫోన్ చెయ్యాలి.

తిండికి పులిహోర కట్టుకెళ్లండి. నూనె, చింతపండు బాగా పడితే మధ్యాహ్నం దాకా చెడదు. దద్దోజనం ఆ ఎండకు పులిసిపోతుంది. వేసవిలో తీరంలో చిన్న టవెర్నా, అంటే గ్రీకు భోజన హోటలు ఉంటుంది. లుత్రో, హోరా స్ఫాకియోన్ హోటళ్లలో స్ఫాకియా పిటా అడగండి. లోపల మిజీత్రా జున్ను, పైన తేనె, చూడ్డానికి పల్చటి బొబ్బట్టులా ఉంటుంది, పిల్లలు వదలరు. మాంసం తినని పెద్దవాళ్లు "నిస్తీసిమో" అని అడిగితే, హోటలు వాళ్లు మాంసం, గుడ్డు, పాలు లేని ఉపవాసపు వంట చూపిస్తారు. అయితే గ్రీకు ఉపవాసంలో స్క్విడ్, ఆక్టోపస్ చెల్లుతాయి, కాబట్టి అవి లేనివని కూడా అడగాలి. బెండకాయ కూర అక్కడ "బామియెస్", ఆలివ్ నూనెలో టమాటాతో వండుతారు.

తిరుగు ప్రయాణానికి పడవే మేలు, మధ్యాహ్నం ఎండలో ఆ గోడ నిప్పులు కక్కుతుంది. నడిచే ఓపిక ఉన్న పెద్ద పిల్లలతో పశ్చిమంగా లుత్రోకి ఇంకో గంటంపావు పోవచ్చు, అక్కడినుంచి ఫెర్రీ ఉంటుంది. టికెట్టుకు చిల్లర నగదు ఉంచుకోండి, ఆఖరి పడవ ఎప్పుడో పొద్దున్నే రేవులో అడగండి. గాలి లేస్తే చిన్న పడవ తీరానికి రాదు. అప్పుడు తాతయ్య కూడా ఆ అంచు దారినే నడవాల్సి వస్తుంది. పొద్దునే గాలి ఉన్న రోజున పెద్దవాళ్లను గ్లికా నేరాకు తీసుకెళ్లకుండా ఫెర్రీలో నేరుగా లుత్రోలో దించి, పిల్లలతో మీరే నడిచి వాళ్లను అక్కడ కలుసుకోండి. నడకకే భయపెట్టేంత గాలి అయితే ఆ రోజుకు అందరూ ఫెర్రీయే ఎక్కండి.