86 ఫొటోల్లో పనికొచ్చింది ఒక్కటి

రాజమండ్రిలో పుట్టి పెరిగి కూడా ఆత్రేయపురంలో పూతరేకు తీయడం దగ్గరుండి చూడ్డం నాకిదే మొదటిసారి, చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది. పొద్దున్నే ధవళేశ్వరం బ్యారేజీ దాటి, బొబ్బర్లంక మీదుగా కాలువ పక్కనే బండి మీద పోయాం. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తి చేశాక వచ్చిన పచ్చదనమే ఇదంతా, ఎన్ని ఫొటోలు తీసినా ఫోన్‌లో ఆ పచ్చ మాత్రం రాదు.

బోర్లించిన కుండ, దాని కింద కొబ్బరాకుల మంట. ఒకావిడ పల్చటి గుడ్డని బియ్యప్పిండి నీళ్ళలో ముంచి కుండ మీద ఒక్కసారి లాగిందో లేదో రేకు లేచిపోతోంది, నేను ఫోకస్ పెట్టేలోపే తీసి పక్కన పెట్టేస్తోంది. "అవలేదేంటండీ ఇంకా?" అని నవ్వి, చివరికి ఒక రేకుని వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. అవతల ఆవిడ వేళ్ళు కనబడుతున్నాయి! పనికొచ్చిన ఫొటో అదే.

నెయ్యీ బెల్లం వేసింది నాలుగు తిన్నా. పంచదారది కూడా బాగుంటుంది గానీ నా ఓటు బెల్లానికే. చాక్లెట్ పూతరేకుల గురించి నన్ను అడక్కండి.

సాయంత్రం పుష్కర ఘాట్. కొవ్వూరు వైపు పొద్దు వాలుతోంది, 1997లో రైళ్ళు ఆగిపోయిన హేవలాక్ వంతెన నల్లగా, ఖాళీగా ఉంది. ఆర్చ్ బ్రిడ్జి మీద రైలొచ్చే టైంకి నా నోట్లో వేడి వేడి మిరపకాయ బజ్జీ, కళ్ళనిండా నీళ్ళు. ఫోన్ తీసేసరికి చివరి పెట్టె కూడా దాటిపోయింది. బజ్జీ మాత్రం అదిరింది.